తిరగలికి ఆయుధ పూజ

రికార్డు పెట్టి పాట తిప్పే ఆ యంత్రం పేరు టర్న్‌టేబుల్ అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. దాని పక్కన నిలబడే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది గాని, దాన్ని ఆ పేరుతో పిలిచిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన కూడా రెండో వాక్యానికల్లా "మీ వస్తువు" అనేసి బయటపడ్డాడు.

ఈమధ్య డీజే పని నేర్చుకుంటున్న పిల్లలు మా ఇంటికొచ్చి, "అంకుల్, డెక్స్ అంటే తిరిగేవి మాత్రమేనా, మధ్యలో ఉండే మిక్సరు కూడా అందులోకే వస్తుందా?" అని అడుగుతున్నారు. నేను రిటైరైన మనిషిని. నాకంటే ముందే నా ఎడమ చెవి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంది, కుడి చెవి ఎక్స్‌టెన్షన్ మీద నెట్టుకొస్తోంది. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. రాతలోనే చెబుతాను, నోటితో చెబితే మధ్యలో మీరు వేసే ప్రశ్నలు నాకు వినబడవు. పుదుచ్చేరి ముదలియార్‌పేటలో మన పిల్లలు చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. చదవగలిగిన వాళ్ళు పక్కనుంటే కాస్త గట్టిగా చదివి వినిపించి పుణ్యం కట్టుకోండి.

ఆ యంత్రానికి ఉన్నన్ని ముద్దుపేర్లు విష్ణుమూర్తికి కూడా లేవు. ఆయనకు వెయ్యితో సరి. పెద్ద హోటళ్ళ డీజేలు డెక్స్ అంటారు, ఎప్పుడూ బహువచనమే. ఒక్కటే ఉన్నవాణ్ణి డీజే అనరు, సంగీతప్రియుడు అంటారు. కొందరికి డెక్స్ అంటే ఆ రెండూ, కొందరికి మిక్సరుతో కలిపి మొత్తం బల్ల. అద్దె సౌండు సర్వీసుల ముసలివాళ్ళకు డెక్కంటే ఈనాటికీ క్యాసెట్టు ప్లేయరే. తేంగాయితిట్టు రేవులో ఆ మాటంటే పడవెక్కమన్నారనుకుని లుంగీ పైకి కడతారు. ఇక తమిళ మాట తట్టు. మా సౌండు షాపుల్లో తట్టంటే కొందరికి రికార్డు, కొందరికి దాని కింద తిరిగే లోహపు పళ్ళెం, కొందరికి యంత్రం మొత్తం, భోజనాల వేళ దాటితే అందరికీ అన్నం కంచం. ఫ్రెంచి వీధుల వాళ్ళు ప్లాటీన్ అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ ముఖం చూస్తే యంత్రం కాదు, నగ అనుకుంటాం. బొంబాయి నుంచి వచ్చే కుర్ర డీజేలు ఉక్కు చక్రాలనే అర్థం వచ్చే ఇంగ్లీషు బిరుదు ఒకటి వాడతారు. తీరా పళ్ళెం ఎత్తి చూస్తే అల్యూమినియం. అలాంటివాడొకడు మా హోటలుకొచ్చి, ఇవాళ ఒకటీ రెండూ నావే అని ఇంగ్లీషులో గొప్పగా ప్రకటించాడు. ఒకటో యంత్రం, రెండో యంత్రం అని పాపం వాడి ఉద్దేశం. మా వ్యాను డ్రైవరు జాలిపడి కారిడారు చివర బాత్రూం తలుపు చూపించాడు. మా ఇంటావిడ మాత్రం ఏ దేశపు భాష జోలికీ పోకుండా "నా జంట సవతులు" అనేది.

ఈ పేర్ల దండకం ఎందుకంటే, నా సర్వీసు మొత్తంలో నేను కనిపెట్టిన ఒకే ఒక శాస్త్ర సత్యం ఇందులో ఉంది. పేరు పెట్టినవాడు పేరుకు తగ్గట్టే చేతులు వేస్తాడు.

నాకు పని నేర్పిన పెద్దాయన దాన్ని తిరగలి అనేవాడు. ముదలియార్‌పేటలో తాతముత్తాతల నాటి నుంచీ ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. ఆయన దాన్ని ముట్టుకునే తీరు కూడా తిరగలి అంచున పిండి తోసినట్టే ఉండేది. నాలుగు వేళ్ళు మడిచి, చిటికెన వేలి పక్కతో అంచును తాకీ తాకనట్టు తోసేవాడు. పాట వేగం వెంట్రుకవాసి తప్పినా ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. ఒకసారి ఎవరిదో ఊరేగింపులో బ్యాండువాళ్ళు లయ తప్పితే ఆయనకు అక్కడికక్కడే వాంతైంది. ఇది అతిశయోక్తి అంటారా? సరే, వికారం పెట్టింది.

డ్రైవరు తేంగాయితిట్టు వాడు. చేపల వ్యాను వదిలేసి మా హోటలు వ్యానెక్కాడు. లైట్లు మోసేవాడు, పెట్టెలు దించేవాడు, మా ఇద్దరి మధ్యా పడి తెలుగు కూడా నేర్చుకున్నాడు. అతను ఆ యంత్రాన్ని బండి అనేవాడు. తిరిగేది ఉంది, మోటారుంది, లైటుంది, ఇంకేం కావాలి బండికి అని అతని వాదం. బల్ల మీద పెట్టి వెళ్ళేముందు, బస్సు కండక్టరు బస్సును చరిచినట్టు దాని పక్కన రెండుసార్లు చరిచి "రైట్" అనేవాడు. ఆ రెండు దెబ్బలకు సూది ఎగిరి ఒక్కోసారి పక్క పాటలో పడేది. పెద్దాయన ఛాతీ పట్టుకునేవాడు.

మేము ముగ్గురం పనిచేసింది బీచ్ రోడ్డుకు కాస్త వెనక, పసుపు గోడల హోటల్లో. అక్కడికి కొత్తగా ఒక మేనేజరు వచ్చాడు. యానాం మనిషి. చిన్నప్పుడు భజన బృందంలో తాళాలు వాయించిన చెవి ఆయనది, పాట తేడా చేస్తే ఇట్టే పట్టేస్తాడు. తేడా చేసే అవకాశమే లేని ల్యాప్‌టాప్ ఒకటి ఆయన చంకలో ఉండేది. వచ్చిన వారానికే మా బల్ల చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"ఈ గుండ్రాలు ఇంకా ఎందుకండీ మాస్టారూ? లాబీలో పెడితే ఎంత అందంగా ఉంటాయండీ! ఒకదాని మీద మనీప్లాంటు, రెండోదాని మీద చాక్లెట్ల గిన్నె."

"మరి నేను యాడికి పోవాల సార్?" అన్నాడు పెద్దాయన.

"మీరెక్కడికీ పోనక్కర్లేదండీ. మీరూ లాబీలోనే. తలపాగా, కోటు, నడుముకి జరీ పట్టీ. నిలువెత్తు మనిషి, మీసం ఉంది. వచ్చినవాళ్ళకి తలుపు తీసి దండం పెడుదురు గాని. హెరిటేజీ అండీ!"

అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఆ తలపాగా తెప్పించాడు కూడా. పైన నెమలీక, ముందు గాజుపెంకు కెంపు. మా స్టోరు గదిలో కొక్కేనికి తగిలించాడు. పెద్దాయన కేబుల్ కోసం స్టోరుకు వెళ్ళినప్పుడల్లా అది పైనుంచి ఆయన తల కొలత తీసుకుంటున్నట్టు ఉండేది. పక్కా ఉద్యోగం, జీతం ఏమీ తగ్గదు. అదే ఆయనకు మరీ మంట. "జీతం తగ్గిస్తే కొట్లాడొచ్చు. మర్యాద చేస్తా ఉంటే ఎట్టా కొట్లాడేది?" అనేవాడు.

దసరాలకు ఒక పార్టీ వచ్చింది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షను తీసుకునే వాళ్ళను మా ఊళ్ళో సొల్దాలంటారు. అలాంటి ఒక సొల్దా దంపతుల పెళ్ళిరోజు, మధ్యాహ్నం విందు. ఆ మదాం మన ముదలియార్‌పేట తెలుగావిడే. తన రికార్డులు తనే తెస్తానంది, వాటి మీదే డాన్సు జరగాలంది. మేనేజరు మమ్మల్ని పిలిచి పంచాయితీ తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"రికార్డులన్నారు కాబట్టి ఈసారికి మీ గుండ్రాలే పెట్టండి. కానీ ఒక్క పాట, ఒక్కటంటే ఒక్క పాట తేడా చేసిందనుకోండి, సోమవారం నుంచి మనీప్లాంటేనండి. మాస్టారండీ, మీకు తలపాగా కొంచెం బిగువవుతుందేమో, ముందే చెప్పండి, వదులు చేయిద్దాం."

పార్టీ విజయదశమి నాడు. ముందురోజు ఆయుధ పూజ. పుదుచ్చేరిలో ఆయుధ పూజంటే మీకు కొత్తగా చెప్పాలా? కత్తి నుంచి కంప్యూటరు దాకా బొట్టు తప్పించుకున్న వస్తువు ఉండదు. మా హోటల్లో లిఫ్టుకు పెట్టారు, జనరేటరుకు పెట్టారు, రిసెప్షన్లో గంటకు పెట్టారు. ఒక పక్కన కునుకుతున్న సెక్యూరిటీ మనిషికి కూడా పెట్టేశారు, ఆయనకు మెలకువ వచ్చేదాకా దాన్ని పనిముట్టేననుకున్నారు. పెద్దాయనా నేనూ వంటింటి వరండాలో కూర్చుని మరమరాలూ బెల్లమూ శనగలూ నములుతూ, పైన హాల్లో మా యంత్రాలకు మేమే వెళ్ళి చిన్న బొట్టు పెట్టుకుందాం, తొందరేముంది అనుకున్నాం. ఆ శనగలు తినకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు. శనగలు బాగున్నాయి.

మేం పైకి వెళ్ళేసరికి హాలు నిండా కర్పూరం పొగ. డ్రైవరు స్నానం చేసి, నుదుటి నిండా విభూతితో, చేతిలో హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. అప్పుడే కింద తన వ్యానుకు పూజ ముగించాడట. ఆ చేత్తోనే పైకొచ్చి మా వాటికీ చేసేశాడు. ఎడమ పక్క ఒకటో యంత్రం పెళ్ళికొడుకులా ఉంది. చుట్టూ గంధం పట్టీలు, వాటి మీద కుంకుమ, పళ్ళెం అంచంతా పసుపు, నాలుగు కాళ్ళ కింద నాలుగు నిమ్మకాయలు. సూది మోసే సన్నటి చెయ్యి ఉంటుందే, దాని మీద మూరెడు బంతిపూల మాల.

పెద్దాయన గొంతు కీచుగా వచ్చింది. "ఏందిరా ఇది?"

"బండికి పూజ మామా."

"మాల యాడ యేసినావో చూసినావా?"

"మెడలో వేసినాను మామా."

"దానికి మెడ యాడుందిరా!"

"వంగి ఉండేది మెడే కదా మామా? నేనే ఆలోచించి వేసినాను."

"మరి రెండోదానికి?" అన్నాను నేను. కుడి పక్క యంత్రానికి ఒక్క చుక్క గంధం, ఒక్క చామంతి పువ్వు. పేదింటి పిల్లలా ఉంది.

"కుంకుమ అయిపోయింది అన్నా. వ్యానుకే సగం పట్టింది. దానికి సుమ్మా, ఊరికే ఒక చుక్క పెట్టి విడిచినాను."

నేను మాల తీయబోయాను. పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "తాకగాకు! హారతి అయిపోయినాదా?" డ్రైవరు ఆనందంగా తలూపాడు. అంతే. హారతి ఇచ్చాక పనిముట్టును తాకకూడదు, రేపు మళ్ళీ మంచిగడియలో దించేదాకా అది దేవుడి సొత్తు. పిల్లలు పుస్తకాలు పూజలో పెట్టి ఆ ఒక్కరోజూ హాయిగా చదువు ఎగ్గొడతారే, ఆ రూలే. మిగతా ప్రపంచంలో ఏ డీజే అయినా పార్టీకి ముందురోజు యంత్రం పెట్టి చూసుకుంటాడు. మేము ముగ్గురం చేతులు కట్టుకుని, బంతిపూల బరువుకు ఆ సన్నటి చెయ్యి వంగుతుందా లేదా అని చూస్తూ నిలబడ్డాం. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. దేవుడికి మొక్కుతున్నాడో డ్రైవర్ని తిడుతున్నాడో తెలియలేదు. రెండూ ఒకే లయలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున మాల దించాం. చెయ్యి వంగలేదు, సూది విరగలేదు. పెద్దాయన మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. డ్రైవరు తన తప్పు దిద్దుకోవాలని వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి, మేం వద్దనేలోపు ఒకటో యంత్రాన్ని వ్యాను తుడిచినట్టు తళతళా తుడిచాడు. అందం వచ్చింది. ఆ యంత్రం కుడి అంచున వేగం సర్దే జారుడు మీట ఒకటి ఉంటుంది, పిచ్ అంటాం. ఒక వైపు జరిపితే పాట నెమ్మదిస్తుంది, ఇంకో వైపు జరిపితే పరుగెడుతుంది, నడిమధ్యన ఉంటే ఉన్నదున్నట్టు. ఆ మీట జారే సన్నటి గాడి ఉంటుందే, పైన కనబడిన గంధమూ కుంకుమా పసుపూ అంతా తడిగుడ్డ దెబ్బకు ముద్దగా అందులోకి దిగిపోయింది. అది మాకు అప్పుడు తెలియదు. ఒక్క పాట వేసి చూసుంటే తెలిసేది. వేద్దామంటే పెద్దాయన గడియారం చూసి, "రాహుకాలం. సుమ్మా ఉండు" అన్నాడు. రాహుకాలం వెళ్ళిపోయే వేళకు మదాం వచ్చేసింది.

ఆవిడ పట్టుచీర, చేతిలో అట్టపెట్టె నిండా రికార్డులు. వెనక ఆ సొల్దా ఆయన, బుర్ర మీద సైనికుల నల్లటోపీ, చేతిలో కర్ర, ఎడమ మోకాలు మడవనని మొండికేసిన నడక. వెనక ఇంకా అలాంటి టోపీలూ కర్రలూ చాలా, వాటి వెనక కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవరాళ్ళు. మదాం మా బల్ల దగ్గరికొచ్చి పెద్దాయనతో నెమ్మదిగా అంది.

"తమ్ముడా, మా ఆయన మోకాలు పోయినాక నాతో డాన్సు ఆడలా. ఆ పాటలు యేగం, ఈయన కాలు నిదానం. యాడ కుదర్తాది? అయినా పెట్టు. పిల్లోళ్ళు ఆడతారు, మేం కూర్చుని చూస్తాం."

మొదటి పాట కుడి చేతి యంత్రం మీద పడింది. బంగారంలా నడిచింది. మనవరాళ్ళు చెప్పులు విప్పేసి ఎగిరారు. టోపీలు కుర్చీల్లో కూర్చుని చిటికెలు వేశాయి. రొయ్యల పళ్ళెం పక్కన మేనేజరు తాళం వేస్తున్నాడు, వంక పెట్టడానికి ఏమీ దొరక్క కాస్త దిగులుగా ఉన్నాడు. పాట చివరికొస్తుంటే పెద్దాయన ఎడమ చేతి యంత్రం మీద రెండో రికార్డు దించాడు.

పాట మొదలైంది. మొదలై, ఎండకు బీచ్ రోడ్డు మీద నడిచే రిటైర్డు జడ్జిలా నడవసాగింది. గాయకుడికి ఉన్నట్టుండి పదేళ్ళు పైబడ్డాయి. బాకా ఊదేవాడు ఊదే ముందు ఆలోచించుకుంటున్నాడు. నేను మీట చూశాను. నడిమధ్యనే ఉంది, వేగం మాత్రం అడుగుకు దిగిపోయింది. జరిపి చూశాను, గాడిలోంచి ఎర్రటి ముద్ద నా గోటికంటింది, వేగం అక్కడే ఉంది. మనవరాళ్ళ కాళ్ళు తడబడి ఆగిపోయాయి. రొయ్యల దగ్గర తాళం ఆగింది. మేనేజరు మెడ మా వైపు తిరిగింది.

పెద్దాయన మొహం చూసి నాకు స్టోరు గదిలో నెమలీక గుర్తొచ్చింది. కాని ఆయన చెయ్యి మాత్రం అప్పటికే పనిలో ఉంది. నాలుగు వేళ్ళు మడిచి, చిటికెన వేలి పక్కతో పళ్ళెం అంచును తోస్తూ పాటను దాని అసలు వేగానికి ఎక్కించేశాడు. మీట చచ్చిపోతే ఏం, పాట మొత్తం చేత్తో తోసుకుపోగలడు ఆయన. అలా తోస్తే మేనేజరుకు అనుమానం కూడా రాదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడే పెద్దాయన ఆగిపోయాడు. హాల్లోకి చూస్తున్నాడు. నేనూ చూశాను. పాట నెమ్మదిగా ఉన్న ఆ కాసేపట్లో సొల్దా ఆయన కర్ర కుర్చీకి ఆనించి లేచాడు. ఒక చెయ్యి మదాం వైపు చాచాడు. ఆవిడ ఆ చేతిని, కొత్త మనిషి చెయ్యి చూసినట్టు చూస్తోంది. ఇంతలో పెద్దాయన తోపుకు పాట మళ్ళీ పరుగందుకుంది. చాచిన చెయ్యి వెనక్కి వస్తోంది. ఆయన కర్ర కోసం తడుముకుంటున్నాడు.

పెద్దాయన పళ్ళెం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

పాట మళ్ళీ జారి నిదానమైంది. నేను ఆయన మోచెయ్యి కుదిపాను. "మామా, తొయ్యి!"

"ఉండు."

"మేనేజరు వస్తా ఉండాడు మామా!"

"రానీ." రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకున్నాడు. వదిలితే అది తనంతట తనే పోయి పాటను సరిచేసేస్తుందని భయం. ముప్పై ఏళ్ళ అలవాటు అది. ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. నిజంగానే వికారం పెడుతోందని తెలుస్తూనే ఉంది. ఎదురుగా సొల్దా ఆయన మోకాలు మడవకుండానే, ఒక అడుగు, ఆలోచన, ఇంకో అడుగు, ఆలోచన. మదాం ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆ ఆలోచనల మధ్య నవ్వుతోంది.

మేనేజరు వచ్చేశాడు. "ఏవండీ మాస్టారూ, పాట నిద్రపోతోందేంటండీ?"

పెద్దాయన నోరు తెరిచాడు. ఆయనకు అబద్ధం రాదు, నిజం చెబితే తలపాగా. కాబట్టి నేనే ఆ బాధ్యత స్వీకరించాను. "ఇది ఫ్రెంచి స్పీడు సార్" అన్నాను.

"ఫ్రెంచి స్పీడేంటండీ?"

"అప్పట్లో ఫ్రెంచి రికార్డులు ఈ వేగం మీదే తిప్పేవాళ్ళు సార్. ఫ్రెంచి దొరలు భోంచేసి డాన్సు చేసేవాళ్ళు కదా. కడుపు కదలకూడదని."

నా ఉద్యోగ జీవితంలో నేను కొన్ని అబద్ధాలు ఆడాను. దీనంత పచ్చిది ఇంకొకటి లేదు. మేనేజరు నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "నాకు తాళం తెలుసండీ" అని మాత్రం అని, చంకలోంచి ల్యాప్‌టాప్ తీసి మా బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. వైరు పీకడానికి చెయ్యి చాపాడు. ఆ చేతి మీద ఎర్రటి రాళ్ళ గాజుల చెయ్యి ఒకటి పడింది.

"పీకగాకు నాయినా" అంది మదాం, ఆయాసపడుతూ. "తమ్ముడా, ఆ ఎడమ చేతి దాని మీద ఇంకోటి యెయ్యి. మా ఆయన లేచినాడు. మళ్ళా కూర్చుంటే లేవడు."

వెనకాల టోపీలన్నీ లేచి నిలబడి ఉన్నాయి.

అక్కడ నుంచి ఏం జరిగిందో మీకు ఎలా చెప్పను! ఎడమ యంత్రం మీద పాట పడితే కర్రలన్నీ కుర్చీలకు ఆనుకునేవి, హాలంతా తెల్లజుట్టు. కుడి యంత్రం మీద పడితే తెల్లజుట్టు కూర్చుని సోడా తాగేది, మనవరాళ్ళు ఎగిరేవాళ్ళు. పెద్దవాళ్ళు మొదట మర్యాదగా వంతులు పాటించారు. తర్వాత ఒక టోపీ మా బల్లను కర్రతో కొట్టి, "గోష్! గోష్!" అని అరిచాడు, ఫ్రెంచిలో ఎడమ అని. ఒక మనవరాలు పరుగెత్తుకొచ్చి, "అంకుల్, తాతయ్య రెండు పాటలు తీసుకున్నాడు, ఇది మోసం!" అంది. ఒక అల్లుడు తాను ఏ పక్కకు చెందుతాడో తెలియక మధ్యలో నిలబడి రెండింటికీ ఆడాడు, అతనికి మర్నాడు నడుం పట్టేసిందని విన్నాను. వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి కిటికీల్లో నిలబడ్డారు. రొయ్యలు చల్లారిపోయాయి, ఎవరికీ పట్టలేదు. మా డ్రైవరు గోడకానుకుని కళ్ళ నీళ్ళతో ఒకటో యంత్రం వైపు దండం పెడుతున్నాడు. పూజ ఫలించిందని అతని నమ్మకం. ఈనాటికీ అదే నమ్మకం, నేను కదిలించలేదు.

మేనేజరు ల్యాప్‌టాప్ మూత నెమ్మదిగా మూశాడు. ఆయన ఆ హాల్లో ఉద్యోగం మొదలుపెట్టిన నాటి నుంచీ డాన్సు నేల ఎప్పుడూ సగం ఖాళీగానే చూశాడు. ఆ మధ్యాహ్నం అది ఒక్క నిమిషం ఖాళీ లేదు. తాళం తప్పుతోందని ఆయన చెవి చెబుతోంది, నేల నిండుగా ఉందని కళ్ళు చెబుతున్నాయి. చివరికి చెవే ఓడింది. వెళ్ళేటప్పుడు సొల్దా ఆయన పెద్దాయనకు సైనికుడిలా సెల్యూట్ కొట్టి, కర్ర కుర్చీ దగ్గరే మర్చిపోయి, మెట్ల దాకా నడిచి, అప్పుడు గుర్తొచ్చి కూలబడ్డాడు.

పార్టీ ముగిసిందో లేదో పెద్దాయన ఆ యంత్రాన్ని బోర్లించాడు. చిన్న బ్రషుతో, స్పిరిటుతో, ఆ గాడిలోంచి గంధమూ కుంకుమా తోమి తోమి తీశాడు. "మంచే జరిగింది కదా మామా, ఒక్కరోజు ఉంచరాదా" అన్నాను. "మంచి జరిగిందని తప్పుని ఒప్పంటామా? నాకి కడుపులో ఇంకా తిప్పతా ఉండాది" అన్నాడు. మీట సరైంది. పాట మళ్ళీ గీత గీసినట్టు నడిచింది. ఆయన రెండు చెవులతో, నేను ఒకటిన్నర చెవితో విన్నాం.

తమ్ముళ్ళూ, ఇక్కడ మీకు నేనొక నీతి చెప్పాలి గాని నా దగ్గర లేదు. వేగం సరిగ్గా పట్టడం ఎలాగో మీకు ఎవరైనా నేర్పుతారు, మిషన్లే నేర్పుతాయి. చెయ్యి ఎప్పుడు తియ్యాలో మాత్రం ఆ మధ్యాహ్నం ఆయన పక్కన నిలబడి చూశాను, అయినా నాకు రాలేదు. ఆ దంపతులు ఆ తర్వాత అప్పుడప్పుడూ ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు నేల మీదికి రాగానే పెద్దాయన చిటికెన వేలు ఆ మీటను నెమ్మది వైపుకు జరిపేది. అడిగితే "యేలు జారినాది" అనేవాడు.

ఆ పార్టీ తర్వాత వచ్చిన సోమవారం మేనేజరు మా ఇద్దరినీ ఆఫీసు గదికి పిలిచాడు. బల్ల మీద తలపాగా ఉంది. పెద్దాయన దాన్ని చూడకుండా ఫ్యాను వైపు చూశాడు.

"కూర్చోండి మాస్టారండీ" అన్నాడు మేనేజరు, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించి. "నేనో ఆలోచన చేశానండి. మీ ఫ్రెంచి స్పీడు ప్రతి ఆదివారం పెడదాం. బయట బోర్డు రాయిస్తాను. ఊరి పెన్షనర్లందరూ ఇక్కడే ఉంటారు. మీకు లాబీ గీబీ వద్దులెండి. ఆ ఎడమ చేతి గుండ్రం మాత్రం పార్టీనాడు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"అది రిపేరు చేసేసినా సార్" అన్నాడు పెద్దాయన.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "రిపేరా! ఎవరు చెయ్యమన్నారండీ? మళ్ళీ పాడు చేసెయ్యండి!"

మీట ఒక్కటి పక్కకు జరిపితే చాలు సార్, ఈ వేగం ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బల్ల కింద నా కాలి మీద పెద్దాయన చెప్పు పడింది. నా బొటనవేలు ఆ ఉద్యోగానికి చేసిన చివరి త్యాగం అది. ఆయనకు అబద్ధం రాదని పైన రాశాను కదా. అది ఆ సోమవారానికి ముందు మాట.

"సుమ్మా పాడు చేస్తే పాడు కాదు సార్" అన్నాడు, ఫ్యాను మీంచి చూపు తిప్పకుండా. "దానికి మళ్ళా ఆయుధ పూజ రావాల. అందాకా రెండిటినీ, నన్నూ పదిలంగా పెట్టుకోవాల."

మేనేజరు కాసేపు ఆయన్ను చూశాడు, కాసేపు తలపాగాను చూశాడు. తర్వాత గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.